విళింజం తరంగ విద్యుత్ కేంద్రం: కట్టిన పెట్టె, కట్టని గోడ

ఉపోద్ఘాతం

సాంకేతిక విజ్ఞాన చరిత్రలో నిలిచిన యంత్రాలకు అధ్యాయాలు దక్కుతాయి. ఆగిపోయిన యంత్రాలకు ఒక వాక్యం మిగులుతుంది. కేరళ తీరంలో తిరువనంతపురానికి దక్షిణాన ఉన్న విళింజం వద్ద 1991లో పనిచేయడం మొదలుపెట్టిన అలల విద్యుత్ కేంద్రానికి మన పాఠ్యగ్రంథాల్లో దక్కింది ఆ ఒక్క వాక్యమే. ‘భారతదేశపు తొలి తరంగ విద్యుత్ కేంద్రం, సామర్థ్యం 150 కిలోవాట్లు’ అని పోటీ పరీక్షల పుస్తకాలు చెబుతాయి. ఆ తరువాత ఏమైందని అడిగితే, లాభసాటి కాక మూతపడిందన్న సమాధానం వస్తుంది. (ఈ ఊరి పేరును మన పత్రికలు ‘విజింజం’ అని కూడా రాస్తున్నాయి. మలయాళ ఉచ్చారణకు దగ్గరగా ఉన్నందున ఇక్కడ ‘విళింజం’ అనే వాడుతున్నాను.)

ఆ సమాధానం అబద్ధం కాదు. అయితే అందులో మూడు వేర్వేరు ప్రశ్నలు కలగలిసిపోయాయి. యంత్రం పనిచేసిందా? అది ఇచ్చిన విద్యుత్తు చవకగా ఉందా? దానిని రూపొందించినవారు అసలు ప్రతిపాదించినది కట్టి చూశారా? మొదటి ప్రశ్నకు జవాబు అవును, రెండవదానికి కాదు. మూడవదానిని అడిగినవారు తక్కువ. విళింజంలో పరీక్షకు నిలిచింది ఒక్క కాంక్రీటు పెట్టె. ప్రతిపాదనలో ఉన్నది అలాంటి పెట్టెల వరుసతో కట్టిన రేవు గోడ. పెట్టె మీద వచ్చిన తీర్పును గోడకు కూడా వర్తింపజేశారన్నది ఈ వ్యాసం వాదన.

లోతు తక్కువైన చోట అల

ముందుగా ఒక భౌతికశాస్త్ర విషయం చెప్పుకోవాలి. తీరానికి అంత దగ్గరగా, పది మీటర్ల లోతులోనే ఎందుకు కట్టారన్నది అది లేకుండా అర్థం కాదు.

నడిసముద్రంలో అల మోసే శక్తి దాని ఎత్తు వర్గానికి, ఆవర్తన కాలానికి అనుపాతంలో ఉంటుంది. సార్థక తరంగ ఎత్తు 2 మీటర్లు, శక్తి ఆవర్తన కాలం 8 సెకన్లు అనుకుంటే, అల శిఖరం పొడవున ప్రతి మీటరుకు దాదాపు 15, 16 కిలోవాట్లు ప్రవహిస్తాయి. ఎనిమిది సెకన్ల అల పొడవు లోతైన నీటిలో సుమారు 100 మీటర్లు. నీటి లోతు అందులో సగానికి, అంటే 50 మీటర్లకు తగ్గినప్పటి నుంచి అలకు అడుగు తగలడం మొదలవుతుంది. అప్పటి నుంచి దాని వేగం తగ్గుతుంది, దిశ తీరానికి అభిముఖంగా వంగుతుంది, ఇసుక నేలతో రాపిడి వల్ల కొంత శక్తి పోతుంది. ఎత్తు లోతులో నాలుగింట మూడు వంతులు దాటితే విరిగిపోతుంది.

అందువల్ల శక్తి కావాలంటే లోతైన నీటికే వెళ్ళాలని 1970ల పరిశోధకుల్లో ఎక్కువమంది భావించారు. ఆ లెక్కలో ఒక లోపం ఉంది. నడిసముద్రపు సగటులో తుఫాను అలల వాటా పెద్దది. ఆ అలలను ఏ యంత్రమూ పట్టుకోలేదు, వాటి నుంచి తప్పించుకోగలిగితే చాలు. అన్ని దిశల నుంచి వచ్చే అలలను కలిపి వేసిన సగటు కూడా ఒకే వైపు చూసే యంత్రానికి అక్కరకు రాదు. వాడుకోదగిన శక్తిని మాత్రమే లెక్కిస్తే తీరజలాల నష్టం అనుకున్నంత పెద్దది కాదని బెల్‌ఫాస్ట్ క్వీన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫోలీ, విటాకర్ 2009లో ప్రచురించిన విశ్లేషణలో చూపారు. పది మీటర్ల లోతు మరో మేలు చేస్తుంది. ఏడెనిమిది మీటర్లను మించిన అల ఆ లోతుకు చేరకముందే విరిగిపోతుంది కనుక, సముద్రమే యంత్రానికి ఒక కాపలా ఏర్పరుస్తుంది. విళింజం రూపకర్తలకు ఈ విశ్లేషణ అందుబాటులో లేదు. వారు తీరాన్ని ఎంచుకున్నది ఇంకా సామాన్యమైన కారణంతో: మరమ్మతుకు మనిషి నడిచి వెళ్ళగలగాలి.

ఊపిరి పీల్చే గది

అలతో యంత్రాన్ని తిప్పాలన్న ఆలోచన పాతదే. పారిస్‌లో గిరార్ అనే తండ్రీకొడుకులు 1799లోనే దీనిపై పేటెంటు తీసుకున్నారు. ఫ్రాన్సు తీరంలోని రొయాన్ వద్ద 1910 ప్రాంతంలో బోషో-ప్రసేక్ అనే వ్యక్తి, అల తాకిడికి కొండరాతి బిలంలో పైకి తన్నే గాలితో తన ఇంటికి సరిపడా విద్యుత్తు తయారుచేసుకున్నాడు. విళింజానికి పూర్వరూపం ఇదే. అల నేరుగా యంత్రాన్ని తాకదు. అడుగున నోరు తెరిచి ఉన్న గదిలోకి నీరు ఎక్కుతుంది, దిగుతుంది. పైనున్న గాలి ఒక రంధ్రం గుండా బయటికీ లోపలికీ పరుగెడుతుంది. ఆ గాలి దారిలో టర్బైన్ ఉంటుంది. ఈ పద్ధతిని డోలన జలస్తంభం అంటారు. గది ఊపిరి పీల్చి వదులుతుందని చెబితే విద్యార్థులకు సులభంగా అర్థమవుతుంది.

ఈ సూత్రాన్ని మొదట వాడుకలోకి తెచ్చినవాడు జపాన్ నౌకాదళంలో పనిచేసిన యోషియో మసుదా. ఓడలకు దారి చూపే తేలియాడు దీపాలకు అలల ద్వారానే విద్యుత్తు అందించే ఏర్పాటు ఆయనది. 1960ల నుంచి అవి అమ్మకానికి వచ్చాయి. కొద్ది వాట్లతో దీపం వెలిగితే చాలు కనుక ఖర్చు ప్రశ్న అక్కడ తలెత్తలేదు. ఈ సంగతి గుర్తుంచుకోవలసినది.

1973 చమురు సంక్షోభంతో పరిస్థితి మారింది. ఎడిన్‌బరోలో స్టీఫెన్ సాల్టర్ 1974లో తన ‘బాతు’ యంత్రం గురించి ‘నేచర్’ పత్రికలో ప్రకటించాడు. బ్రిటిష్ ప్రభుత్వం పరిశోధనకు నిధులిచ్చింది, కానీ నిర్దేశించిన లక్ష్యం 2000 మెగావాట్ల కేంద్రం. అంత పెద్ద కొలబద్దతో చూసినప్పుడు ఏ నమూనా కూడా నిలవలేదు. 1982లో నిధులను బాగా కుదించారు. ఆ కాలపు ఒక ఫలితం మాత్రం మిగిలింది. బెల్‌ఫాస్ట్‌లో అలన్ వెల్స్ 1970ల మధ్యలో రూపొందించిన టర్బైన్‌కు రెక్కలు రెండు వైపులా సౌష్ఠవంగా ఉంటాయి. గాలి ఎటు వీచినా అది ఒకే దిశలో తిరుగుతుంది. ఊపిరి పీల్చే గదికి కావలసింది సరిగ్గా అదే. లోపం కూడా దానితోపాటే వచ్చింది: తనంతట తాను సులభంగా తిరగడం మొదలుపెట్టదు, గాలి వేగం ఒక హద్దు దాటితే రెక్క మీది ప్రవాహం విడిపోయి తిప్పే బలం ఒక్కసారిగా పడిపోతుంది.

మద్రాసులో మొదలు

భారత ప్రభుత్వం 1981లో సముద్ర అభివృద్ధి శాఖను ఏర్పాటు చేసింది. ఆ శాఖ ఆర్థిక సహాయంతో 1983లో మద్రాసు ఐఐటీలో తరంగ శక్తి పరిశోధన ప్రారంభమైంది. బ్రిటన్ చేతులు ముడుచుకున్న మరుసటి ఏడాది ఒక పేద దేశం ఇందులోకి దిగడం ఆశ్చర్యంగా కనిపించవచ్చు. కానీ రెండు చోట్ల అడిగిన ప్రశ్న ఒకటి కాదు. మద్రాసు బృందం రకరకాల నమూనాలను ప్రయోగశాలలో పోల్చి చూసి డోలన జలస్తంభాన్ని ఎంచుకుంది. కదిలే భాగాలు నీటికి పైన ఉంటాయి. కాంక్రీటు పని మన గుత్తేదారులకు తెలిసినదే. అన్నిటికంటే ముఖ్యంగా, అలాంటి గదులను పక్కపక్కన పేర్చితే అది బ్రేక్‌వాటర్ అవుతుంది. రేవులోకి అలలు రాకుండా అడ్డుకునే గోడ అన్నమాట.

ఈ చివరి కారణాన్ని తరువాతి రచనలు తగినంతగా పట్టించుకోలేదు. చేపల రేవులకు బ్రేక్‌వాటర్ ఎలాగూ కట్టాలి. ఆ ఖర్చు మత్స్యకారుల రక్షణ పద్దు కింద వస్తుంది. అదే గోడ విద్యుత్తు కూడా ఇస్తే, విద్యుత్తు మీద పడేది టర్బైన్, జనరేటర్ల ఖర్చు, గోడను గదులుగా మలచడానికయ్యే అదనపు ఖర్చు మాత్రమే. కాంక్రీటు భారం పంచుకున్నప్పుడు యూనిట్ ధర లెక్క పూర్తిగా మారుతుంది. నీటిలో ఓ నిర్మాణాన్ని ముంచి గోడగా వాడుకోవడం మన తీరానికి కొత్త కూడా కాదు. విశాఖపట్నం ఓడరేవు నిర్మాణ కాలంలో, 1930ల ప్రాంతంలో, రెండు పాత ఓడలను ముంచి బ్రేక్‌వాటర్‌గా నిలబెట్టారు. కైసన్ అని ఇంజనీర్లు పిలిచే కాంక్రీటు పెట్టె కూడా అంతే: తేలుతూ వస్తుంది, మునిగి నిలుస్తుంది.

విళింజం ఎంపికకు కారణాలు స్పష్టం. అక్కడ చేపల రేవుకు బ్రేక్‌వాటర్ ఉంది, తీరానికి దగ్గరలోనే లోతు ఉంది, నైరుతి రుతుపవనాల అలలు నేరుగా తాకుతాయి. ఈ తీరంలో సగటు తరంగ శక్తి మీటరుకు సుమారు 13 కిలోవాట్లు. ఉత్తర అట్లాంటిక్ తీరాలతో పోలిస్తే ఇది స్వల్పం. ఆంధ్ర తీరపు బంగాళాఖాతం అలలతో పోలిస్తే ఎక్కువే. కనుక విళింజం లెక్కలను కాకినాడకో మచిలీపట్నానికో యథాతథంగా తెచ్చుకోవడం తగదు.

సుమారు 3000 టన్నుల కైసన్‌ను తేలించి లాక్కువచ్చి, 1990 డిసెంబరులో దాదాపు పది మీటర్ల లోతున, సిద్ధం చేసిన రాతి పునాది మీద కూర్చోబెట్టారు. బ్రేక్‌వాటర్ నుంచి అది సుమారు 45 మీటర్ల దూరంలో ఉంది. రెంటినీ ఒక ఉక్కు వంతెన కలిపింది. పైన రెండు మీటర్ల వ్యాసం గల వెల్స్ టర్బైన్, దానికి 150 కిలోవాట్ల ఇండక్షన్ జనరేటర్ అమర్చారు. 1991 అక్టోబరు నాటికి కేంద్రం పనిచేయడం మొదలుపెట్టి గ్రిడ్డుకు అనుసంధానమైంది.

ఈ తేదీల విలువ తెలియాలంటే ఇతర దేశాల అనుభవం చూడాలి. నార్వేలోని తోఫ్తెస్తాలెన్ వద్ద 1985లో కొండ అంచున కట్టిన 500 కిలోవాట్ల కేంద్రాన్ని 1988 డిసెంబరు తుఫాను పెకిలించివేసింది. స్కాట్లండ్ ఉత్తర తీరాన 1995లో నీటిలో దించిన ‘ఆస్ప్రే’ అనే ఉక్కు నిర్మాణం కొద్ది వారాలకే ధ్వంసమైంది. విళింజం పెట్టె రుతుపవనం తరువాత రుతుపవనాన్ని తట్టుకుని నిలిచింది. నిర్మాణ ఇంజనీరింగ్ దృష్టితో ఇది చిన్న విజయం కాదు. ‘విఫల ప్రయోగం’ అన్న ముద్ర కింద ఈ భాగం పూర్తిగా కనుమరుగైంది.

నెలల లెక్క

మరి లోపం ఎక్కడ? చాలావరకు క్యాలెండరులో.

ఉదాహరణకు పది మీటర్ల వెడల్పు నోరున్న గదికి సగటున 130 కిలోవాట్ల అల శక్తి చేరుతుంది. గది దానిలో కొంత పట్టుకుంటుంది, టర్బైన్ అందులో కొంత, జనరేటర్ అందులో కొంత. పైగా ఆ సగటు ఏ నెలలోనూ సరిగ్గా కనిపించదు. జూన్ నుంచి ఆగస్టు దాకా సముద్రం సగటుకు ఎంతో మించి ఇస్తుంది. అప్పుడు గాలి వేగం హద్దు దాటి వెల్స్ టర్బైన్ రెక్కల మీది ప్రవాహం విడిపోతుంది. చలికాలంలో అలలు నీరసిస్తాయి. గ్రిడ్డుకు కట్టిపడేసిన ఇండక్షన్ జనరేటర్ వేగం దాదాపు స్థిరం కనుక, బలహీనమైన అల వచ్చినప్పుడు అది మోటారుగా మారి గ్రిడ్డు నుంచే విద్యుత్తు తీసుకుంటుంది. విద్యుత్ కేంద్రమే వినియోగదారు అయ్యే వింత ఇది. రుతుపవనాల దేశంలో ఒకే పరిమాణపు యంత్రంతో ఏడాదంతా నెట్టుకురావాలనుకోవడంలోనే ఈ చిక్కు ఇమిడి ఉంది.

పరిశోధక బృందం దీనిని త్వరగానే గుర్తించింది. 1996లో అమర్చిన రెండవ తరం యంత్రాల్లో జనరేటర్ సామర్థ్యాన్ని 55 కిలోవాట్ల స్థాయికి తగ్గించారు. పెద్ద యంత్రం కన్నా చిన్న యంత్రమే ఏడాది మొత్తం మీద మేలని ఒప్పుకోవడం అది. కాగితం మీద సామర్థ్యం తగ్గింది కనుక బయటివారికి వెనకడుగులా కనిపించి ఉండవచ్చు. నా దృష్టిలో ఆ ప్రయోగం మొత్తంలో అత్యంత పరిణతి గల నిర్ణయం అదే. ఆ తరువాత జపాన్ పరిశోధకుల సహకారంతో, గాలి దిశను బట్టి తమంతట తామే తిరిగే మార్గదర్శక రెక్కలు గల ఇంపల్స్ టర్బైన్‌ను కూడా అక్కడే పరీక్షించారు. 1993 నవంబరులో చెన్నై కేంద్రంగా ఏర్పడిన జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ అప్పటికి ఈ పని బాధ్యత తీసుకుంది. మద్రాసు ఐఐటీ నుంచి వచ్చిన ఎం. రవీంద్రన్ ఆ సంస్థకు తొలి సంచాలకులు.

గ్రిడ్డును వదిలి నీటి వైపు

2004 ప్రాంతంలో ప్రయోగం ఒక మలుపు తిరిగింది. గ్రిడ్డుకు విద్యుత్తు అమ్మే ఆలోచనను పక్కనపెట్టి, అలతో వచ్చిన విద్యుత్తుతోనే సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే రివర్స్ ఆస్మాసిస్ ప్లాంటును నడిపారు. సామర్థ్యం రోజుకు 10,000 లీటర్లు. స్థిరవేగపు ఇండక్షన్ జనరేటర్ స్థానంలో, వేగం మారినా పనిచేసే శాశ్వత అయస్కాంత ఆల్టర్నేటర్ వచ్చింది. ఒడుదుడుకులను బ్యాటరీలు సర్దుబాటు చేశాయి. గ్రిడ్డుతో సంబంధం తెంచుకోగానే టర్బైన్‌కు స్వేచ్ఛ వచ్చింది: అల బలాన్ని బట్టి వేగం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు.

లెక్క కూడా ఈ మలుపును సమర్థిస్తుంది. ఆధునికమైన పెద్ద ప్లాంట్లలో ఒక ఘనపు మీటరు సముద్రజలాన్ని శుద్ధి చేయడానికి మూడు, నాలుగు యూనిట్లు పడుతుంది. చిన్న ప్లాంటుకు అంతకు రెట్టింపు వేసుకున్నా, పది ఘనపు మీటర్లకు రోజుకు 100 యూనిట్ల లోపే. అంటే సగటున నాలుగు కిలోవాట్లు దాటదు. 150 కిలోవాట్ల కేంద్రంగా విమర్శకు గురైన నిర్మాణం, నాలుగు కిలోవాట్ల అవసరాన్ని తీర్చేదిగా చూస్తే పూర్తిగా వేరే మనిషిలా కనిపిస్తుంది. మసుదా దీపాల నాటి పాఠమే ఇది: అవసరం చిన్నదై, ప్రత్యామ్నాయం ఖరీదైనదైన చోట అలల శక్తికి పోటీ తక్కువ.

అయినా ఈ మార్గం విస్తరించలేదు. అదే సంస్థ 2005లో లక్షద్వీప్‌లోని కవరత్తిలో, సముద్రపు పైపొరకూ లోతుపొరకూ మధ్య ఉష్ణోగ్రత తేడాతో నీటిని ఆవిరి చేసి చల్లార్చే ప్లాంటును నెలకొల్పింది. రోజుకు లక్ష లీటర్లు. దీవుల తాగునీటి ప్రశ్నకు అది సూటి జవాబు. నిధులు, మనుషులు అటు మళ్ళడం సహజం. విళింజం కేంద్రాన్ని తరువాతి ఏళ్ళలో మూసివేశారు. ఒక ప్రయోగం మరొక ప్రయోగం విజయంతో ఆగిపోవచ్చునన్నది మనం ‘వైఫల్యం’ అనే మాట వాడేటప్పుడు మరచే విషయం. తరంగ శక్తి పరిశోధన మాత్రం అంతటితో ఆగలేదు. చెన్నై సంస్థ ఎన్నూరు వద్ద కామరాజర్ ఓడరేవులో అలలతో వెలిగే దారిదీపాన్ని నిలిపింది. అంటే చక్రం తిరిగి మసుదా దగ్గరికే చేరింది. మద్రాసు ఐఐటీ వారు 2022 నవంబరులో తూత్తుకుడి తీరానికి ఆరు కిలోమీటర్ల దూరంలో, 20 మీటర్ల లోతులో ‘సింధుజ-1’ను పరీక్షించారు. అది ఇచ్చింది 100 వాట్లు.

కట్టని గోడ

ఇక మూడవ ప్రశ్న. విళింజం అనుభవం ఆధారంగా కొల్లం దగ్గరి తంగశ్శేరి రేవుకు ఒక ప్రతిపాదన తయారైంది: పది కైసన్లు, ఒక్కొక్కదానిలో 55 కిలోవాట్ల యంత్రాలు రెండేసి, మొత్తం 1.1 మెగావాట్లు, ఇవన్నీ బ్రేక్‌వాటర్‌లో భాగంగా. మద్రాసు బృందం మొదటి నుంచీ ఊహించిన గోడ ఇదే. అది కట్టలేదు. కనుక విళింజంలో వచ్చిన యూనిట్ ధరలో, పంచుకోవలసిన కాంక్రీటు ఖర్చంతా ఒక్క పెట్టె మీదే పడింది. ఏ రేవునూ కాపాడని, బ్రేక్‌వాటర్‌కు 45 మీటర్ల దూరంలో ఒంటరిగా నిలిచిన పెట్టె అది. దాని ధరను చూపి పద్ధతినే ఖరీదైనదనడం, ఒక్క ఇంటి కోసం తవ్విన చెరువు ఖర్చును చూపి చెరువులే దండగ అనడం లాంటిది.

గోడ కట్టి చూసినవారు వేరే చోట ఉన్నారు. జపాన్‌లోని సకతా ఓడరేవులో 1989లోనే బ్రేక్‌వాటర్ కైసన్ ఒకదానిని ఊపిరి గదిగా మార్చారు. స్పెయిన్ బాస్క్ తీరంలోని ముత్రికు అనే చిన్న రేవులో, ఎలాగూ కడుతున్న బ్రేక్‌వాటర్‌లో 16 గదులు, 16 టర్బైన్లు అమర్చారు. ఒక్కొక్కటి 18.5 కిలోవాట్లు, మొత్తం 296. 2011లో ప్రారంభమైన ఆ కేంద్రం, తక్కువ మొత్తంలోనైనా, గ్రిడ్డుకు విద్యుత్తు ఇస్తూ వచ్చింది. యంత్రాలు చిన్నవిగా, ఎక్కువ సంఖ్యలో ఉండాలన్న విళింజం రెండవ తరం పాఠం అక్కడ ఆచరణలో కనిపిస్తుంది.

ఈ వాదనకు ఒక అభ్యంతరం ఉంది, అది బలమైనదే. గోడ ఖర్చును రేవు పద్దులో వేయడమంటే గోడ అవసరం నిర్వివాదమని ఒప్పుకోవడమే. బ్రేక్‌వాటర్ తీరం వెంబడి ఇసుక నడకను అడ్డుకుంటుంది. ఒక వైపు ఇసుక మేట వేస్తే మరో వైపు తీరం కోతకు గురవుతుంది. విద్యుత్తు వస్తుందన్న పేరుతో అక్కరలేని గోడలు పుట్టుకొస్తే, ఆ ఖర్చును చివరికి తీరం మీద ఇళ్ళున్నవారు భరిస్తారు. కనుక ‘ఎలాగూ కట్టే గోడ’ అన్న షరతును వదిలితే ఈ వాదన నిలవదు.

ఆ షరతు నెరవేరిన సందర్భం ఒకటి విళింజంలోనే వచ్చింది. పాత కేంద్రం ఉన్న తీరంలోనే 2015 డిసెంబరులో అంతర్జాతీయ నౌకాశ్రయం నిర్మాణం మొదలైంది. నిర్మాణ దశలో 2017 ఓఖీ తుఫాను దాని బ్రేక్‌వాటర్‌ను దెబ్బతీసింది. తీరం కోత గురించి 2022లో మత్స్యకారులు నెలల తరబడి ఆందోళన చేశారు. సుమారు మూడు కిలోమీటర్ల ఆ గోడ ఇప్పుడు పూర్తయింది. అది రాళ్ళు, కాంక్రీటు దిమ్మెలు పేర్చి కట్టినది. అందులో గదులు లేవు. మీటరుకు 13 కిలోవాట్ల సగటుతో వచ్చే అల ఆ రాళ్ళ సందుల్లో విరిగి, నురగై, వేడిగా మారి పోతుంది.